పెన్ డ్రైవ్ పెట్టగానే ఏదీ దానంతట అది నడవకూడదంటే...

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే బాధ గురించి. అందుకే ఫోన్ స్పీడు, వైఫై ప్రశ్నలన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి, పెన్ డ్రైవ్‌ల మీదే కూర్చున్నాను.

ప్రశ్న: సార్, నమస్కారం. కాలేజీ ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. ప్రాజెక్టు రిపోర్టులు, హాల్‌టికెట్లు ప్రింట్ తీయించుకోవడానికి పిల్లలు రోజూ పెన్ డ్రైవ్‌లు తెస్తారు. మొన్న ఒకమ్మాయి వచ్చి "అన్నా, మీ షాపులో పెట్టాకే నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి" అని గొడవపెట్టుకుంది. పెన్ డ్రైవ్ పెట్టగానే ఏ ప్రోగ్రామూ నడవకుండా చేయడం ఎలా? ఆ అమ్మాయి ఫైళ్లు తిరిగి వస్తాయా?
— జిరాక్స్ షాపు యజమాని, తెనాలి

జవాబు: ఆ అమ్మాయి మాట నిజమే అయ్యుండొచ్చు, కోప్పడకండి. ఊళ్లోని పెన్ డ్రైవ్‌లన్నీ వచ్చి కలిసే చోటు జిరాక్స్ షాపే కదా. ముందు ఫైళ్ల సంగతి చూద్దాం. అవి పోలేదు, అక్కడే దాగున్నాయి. ఈ వైరస్‌లు అసలు ఫోల్డర్లకి హిడెన్, సిస్టం అనే రెండు గుర్తులు తగిలించి, అదే పేరుతో పైన షార్ట్‌కట్ పెడతాయి. కొన్ని అయితే ఫైళ్లన్నిటినీ పేరు లేని ఒక ఫోల్డర్లో తోసేసి, బయట పెన్ డ్రైవ్ పేరుతోనే ఒక్క షార్ట్‌కట్ మాత్రం ఉంచుతాయి. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'టార్గెట్' అన్న చోట చూడండి. మామూలుగా అక్కడ ఫోల్డర్ దారి ఉండాలి. దాని బదులు సీఎండీ, డబ్ల్యూస్క్రిప్ట్, రన్‌డీఎల్ఎల్32 లాంటి విండోస్ ప్రోగ్రాంల పేర్లు కనబడ్డాయంటే దొంగ దొరికినట్టే. క్లిక్ చేసినవాళ్లకి ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు. వెనకాల జరగాల్సింది ఆపాటికే జరిగిపోతుంది.

ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్కు తీద్దామంటే అది బూడిద రంగులో ఉండి కదలదు, సిస్టం గుర్తు దాన్ని పట్టుకుని ఉంటుంది. రెండూ కలిపి తీయాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆట్రిబ్ కమాండ్ వాడాలి. ముందు ఆట్రిబ్, తర్వాత మైనస్ ఎస్, మైనస్ హెచ్, ఆపైన పెన్ డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, స్టార్ డాట్ స్టార్, చివర స్లాష్ ఎస్, స్లాష్ డి. టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే, ముక్కకీ ముక్కకీ మధ్య స్పేస్ ఇవ్వండి (అక్షరం నుంచి స్టార్ వరకు మాత్రం ఒకే ముక్క). అయితే ముందు యాంటీ వైరస్‌తో మీ సిస్టం శుభ్రం చేయండి. అది చేయకపోతే ఇలా తీసిన పది నిమిషాలకే మళ్లీ దాగుతాయి.

ఇక దానంతట అది నడవడం సంగతి. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైజెస్, అందులో ఆటోప్లే (ఏదైనా పెట్టగానే ఏం చేయమంటారని అడిగే సదుపాయం) ఉంటుంది, విండోస్ 10లో డివైజెస్ కింద. ఆఫ్ చేయండి. ఇది ఆ యూజర్‌కి మాత్రమే. సిస్టం మొత్తానికి చేయాలంటే, మీది ప్రో ఎడిషన్ అయితే, రన్‌లో జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ కొట్టి కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, ఆటోప్లే పాలసీస్ దాకా వెళ్లండి. 'టర్న్ ఆఫ్ ఆటోప్లే'ని ఎనేబుల్డ్ చేసి ఆల్ డ్రైవ్స్ ఎంచుకోండి. ఆపాలంటే ఎనేబుల్ చేయాలట! ఈ తిరకాసు దగ్గరే చాలామంది డిసేబుల్డ్ పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. అక్కడే 'సెట్ ది డిఫాల్ట్ బిహేవియర్ ఫర్ ఆటోరన్' కూడా ఉంటుంది (ఆటోరన్ అంటే అడక్కుండానే ప్రోగ్రాం నడిపేది). దాన్నీ ఎనేబుల్ చేసి, ఏ ఆటోరన్ కమాండూ నడపొద్దన్న ఎంపిక పెట్టండి. మీది హోమ్ ఎడిషన్ అయితే ఈ జీపీఎడిట్ ఉండదు. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) దారి కింద కరీంనగర్ ప్రశ్నకి ఇచ్చిన జవాబులో ఉంది.

కానీ ఒక మాట. మీ షాపులో ఇప్పుడు నడుస్తున్నది ఆటోరన్ వైరస్ కాదు. పెన్ డ్రైవ్‌లోని ఆటోరన్ ఫైలు చూసి ప్రోగ్రాం నడపడం విండోస్ 7 నుంచే లేదు. ఎక్స్‌పీ, విస్టాలకి కూడా 2011 ఫిబ్రవరిలో అప్‌డేట్‌గా పంపి ఆపేశారు. షార్ట్‌కట్ వైరస్‌కి కావాల్సింది మీ డబుల్ క్లిక్ ఒక్కటే. అందుకని ఎక్స్‌ప్లోరర్‌లో డీటెయిల్స్ వ్యూ పెట్టుకుని 'టైప్' అన్న గడి చూడటం అలవాటు చేసుకోండి. అక్కడ ఫైల్ ఫోల్డర్ అని ఉంటే ఫోల్డరే. షార్ట్‌కట్ అనో అప్లికేషన్ అనో ఉంటే ముట్టుకోవద్దు. ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించమని పెట్టుకున్నా షార్ట్‌కట్‌ల తోక మాత్రం విండోస్ చూపించదు, అందుకే ఈ గడి కావాలి. మీ జిరాక్స్ మెషీన్‌కే యూఎస్‌బీ పోర్టు ఉంటే పీడీఎఫ్‌లు నేరుగా అక్కడి నుంచే తీయండి, కంప్యూటర్‌తో పనే లేదు. కౌంటర్ సిస్టంలో రోజువారీ పని అడ్మిన్ కాని యూజర్‌తో చేయండి.

ప్రశ్న: బాబూ, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా మనవడు పాటలు ఎక్కించి పెన్ డ్రైవ్ ఇచ్చాడు. ల్యాప్‌టాప్‌కి పెట్టగానే మూలన చిన్న పెట్టె వచ్చి దీన్ని ఏం చేయమంటారని అడుగుతోంది. ఏది నొక్కాలో తెలియక టెన్షన్. మరో సంగతి, పాత నెట్ డాంగిల్ పెడితే మాత్రం అడక్కుండానే సీడీ బొమ్మ వస్తోంది. ఎందుకని?
— రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, అడుగుతున్నంతసేపూ భయం లేదు. అలా అడిగేది ఆటోప్లే. అడక్కుండా నడిపేది ఆటోరన్, విండోస్ 95తో వచ్చింది. సీడీ పెట్టగానే ఇన్‌స్టలేషన్ మొదలవ్వాలని, మనలాంటివాళ్లు ఫైలు వెతుక్కోనక్కర్లేదని పెట్టిన సదుపాయం అది. సీడీ మీద ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అని నాలుగు లైన్ల టెక్స్ట్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ ప్రోగ్రాం నడపాలి, ఏ బొమ్మ చూపించాలి అని రాసి ఉంటుంది, అంతే.

ఆ రెండో లైనుతోనే పెద్ద మోసం జరిగింది. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వైరస్, ఆ ఏడాది చివర వచ్చిన రకంలో, పెన్ డ్రైవ్‌ల దారి కూడా పట్టింది. విస్టాలో పెన్ డ్రైవ్ పెడితే వచ్చే పెట్టెలో 'ఓపెన్ ఫోల్డర్ టు వ్యూ ఫైల్స్' అని రెండుసార్లు కనబడేది. రెంటికీ అదే పసుపు ఫోల్డర్ బొమ్మ. కిందిది విండోస్ పెట్టింది. పైది వైరస్ తన ఆటోరన్ ఫైల్లో రాసుకున్న అక్షరాలు, విండోస్ దగ్గర్నుంచే అరువు తెచ్చుకున్న బొమ్మ. తేడా ఒక్కటే: పైదాని నెత్తిన 'ఇన్‌స్టాల్ ఆర్ రన్ ప్రోగ్రాం' అని సన్నటి శీర్షిక ఉండేది. ఫోల్డర్ తెరవడానికి ప్రోగ్రాం నడపడమేంటని ఎవరు ఆలోచిస్తారు? మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లలందరూ పైదే నొక్కేవారు, పైన ఉంది కాబట్టి.

మీ పెట్టెలో 'టేక్ నో యాక్షన్' ఎంచుకోండి, ఆ తర్వాత అడగదు. పాటలు ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్లి తెరుచుకోండి.

డాంగిల్ కథ సరదాగా ఉంటుంది. దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దాని కడుపులోనే ఉంటుంది. పెన్ డ్రైవ్‌లకి ఆటోరన్ ఆపేసినా సీడీలకి ఉంచారు కాబట్టి, అది కంప్యూటర్‌తో "నేను సీడీ డ్రైవ్‌ని" అని చెప్పుకుంటుంది. కంప్యూటర్ నమ్ముతుంది. కొన్ని పెన్ డ్రైవ్‌లూ ఇలాగే రెండు డ్రైవ్‌లుగా కనబడేవి. ఆటోప్లే పూర్తిగా ఆపితే డాంగిల్ కూడా మౌనంగా ఉంటుంది. అప్పుడు ఆ సీడీ బొమ్మ తెరిచి సెటప్ మీరే నొక్కాలి. ఆ పాటి శ్రమ మంచిదే. సీడీ అనగానే నమ్మడం కూడా తప్పే. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు కొన్ని కంప్యూటర్‌లో పెట్టగానే కాపీ కొట్టకుండా ఆపే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాన్ని కంటికి కనబడకుండా దాచేవి. గొడవ కోర్టుల దాకా వెళ్లింది.

ప్రశ్న: నమస్తే అండి. మాది చిన్న ఆడిట్ ఆఫీసు. ఒక సిస్టంలోని డీ డ్రైవ్‌ని మిగతా అన్నిటికీ జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేశారు. జెడ్‌లోకి వైరస్ వస్తే అందరికీ దానంతట అదే నడుస్తుందా? రిజిస్ట్రీలో 145 ఉండాలని ఒకరు, 255 పెట్టాలని ఇంకొకరు చెప్తున్నారు. ఏది సరైనది?
— అకౌంట్స్ ఉద్యోగిని, కరీంనగర్

జవాబు: లెక్కలవాళ్లు కాబట్టి కూడిక వేసి చూపిస్తాను. ఆ విలువ పేరు నోడ్రైవ్‌టైప్‌ఆటోరన్, మధ్యలో ఖాళీలు ఉండవు. ఒక్కో రకం డ్రైవ్‌కి ఒక్కో అంకె: పెన్ డ్రైవ్ లాంటివాటికి 4, లోపలి హార్డ్ డిస్కుకి 8, నెట్‌వర్క్ డ్రైవ్‌కి 16, సీడీకి 32, ర్యామ్ డిస్కుకి 64, రకం తెలియనివాటికి 1, 128. ఏవి ఆపాలో వాటిని కూడాలి. 145 అంటే 128, 16, 1. అంటే విండోస్ తనంతట తాను పెట్టుకునే ఈ అంకెలో నెట్‌వర్క్ డ్రైవ్ ఆపే ఉంది. పెన్ డ్రైవ్, సీడీ లేవు. 255 పెడితే అన్నీ ఆగుతాయి. నా ఓటు 255కే. పెట్టాక ఇబ్బంది పడ్డ ఆఫీసు నాకు తగల్లేదు.

దారి: రెజ్ఎడిట్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, ఎక్స్‌ప్లోరర్. ఎక్స్‌ప్లోరర్ అన్న కీ లేకపోతే సృష్టించి, అందులో నోడ్రైవ్‌టైప్‌ఆటోరన్ పేరుతో 32 బిట్ డీవర్డ్ (అంకె దాచే విలువ) పెట్టండి. ఇలా మెషీన్ మొత్తానికి పెడితే, యూజర్ కింద ఉన్న విలువని విండోస్ పట్టించుకోదు. ఇక్కడ ఒక గోతి ఉంది. అంకె వేసే పెట్టెలో ముందుగా డెసిమల్ ఎంచుకుని ఆ తర్వాతే 255 టైప్ చేయండి. హెక్సాడెసిమల్ మీద ఉండగా కొడితే అది 597 అయి కూర్చుంటుంది. మార్చాక రీస్టార్ట్ చేయండి. ముందు రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకోవడం మాత్రం మరవొద్దు.

ఎక్స్‌పీ రోజుల్లో ఈ అంకె పెట్టినా పూర్తిగా పనిచేసేది కాదు. మై కంప్యూటర్‌లో డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఆటోరన్ నడిచేది. 2009 జనవరిలో అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా విభాగం యూఎస్-సెర్ట్ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మీ ఆఫీసులో ఏ మూలనైనా పాత ఎక్స్‌పీ సిస్టం పాత సాఫ్ట్‌వేర్ కోసం ఇంకా నడుస్తుంటే (ఆడిట్ ఆఫీసుల్లో ఉంటాయి, నాకు తెలుసు) దాన్ని జెడ్ డ్రైవ్ నుంచి విడదీయండి.

అసలు నాకు భయం కలిగించింది మీ ప్రశ్నలోని ఇంకో మాట. డీ డ్రైవ్ మొత్తం ఎందుకు షేర్ చేశారు? ఒక సిస్టంకి సోకిన వైరస్ జెడ్‌లో రాయగలిగితే చాలు, అందరి ఫోల్డర్ల పక్కనా షార్ట్‌కట్ పెడుతుంది. పొద్దున్నే ఎవరో ఒకరు నొక్కుతారు. అకౌంట్స్ డేటా ఫోల్డర్ ఒక్కటే రాయడానికి వీలుగా షేర్ చేయండి. ఫారాలు, సర్క్యులర్లు, సెటప్ ఫైళ్లు ఉన్న ఫోల్డర్లు చదవడానికి మాత్రమే ఇవ్వండి. 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' అన్న టిక్కు కనబడితే వెంటనే తీసేయండి. పాస్‌వర్డులు కూడా చూడండి. కాన్‌ఫికర్ నెట్‌వర్క్‌లోని అడ్మిన్ షేర్ల మీద తేలికపాటి పాస్‌వర్డులు వరసగా ప్రయత్నించి లోపలికి వెళ్లేది, ఆ దారికి ఆటోరన్ అవసరమే రాలేదు.

ప్రశ్న: అన్నా, పెన్ డ్రైవ్‌లో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ పేరుతో ఫోల్డర్ పెడితే వైరస్ రాదంటారు, నిజమేనా?
— డిప్లొమా విద్యార్థి, అనంతపురం

జవాబు: ఒకప్పుడు కొంత నిజం తమ్ముడూ. ఆ పేరుతో ఫోల్డర్ ఉంటే అదే పేరుతో ఫైలు పుట్టదు. ఫోల్డర్‌ని చెరిపేసి తన ఫైలు పెట్టుకునే తెలివైన వైరస్‌కి అది అడ్డే కాదు. షార్ట్‌కట్ వైరస్‌కి ఆ ఫైలే అక్కర్లేదు. ఉంచుకుంటే నష్టం లేదు.

ప్రశ్న: ఆటోప్లే, ఆటోరన్ అన్నీ ఆపేశాను. ఇక దొరికిన పెన్ డ్రైవ్ ఏదైనా పెట్టుకోవచ్చా?
— నిజామాబాద్

జవాబు: వద్దు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్‌కి ఆటోరన్ అక్కర్లేకపోయింది. షార్ట్‌కట్ బొమ్మని విండోస్ తెర మీద చూపించే పద్ధతిలోనే లోపం ఉండటంతో, ఫోల్డర్ తెరిచి చూస్తే చాలు, అది నడిచేది. ఆ ఏడాది ఆగస్టులో దాన్ని సరిచేసే అప్‌డేట్ వచ్చింది. అంటే అప్‌డేట్లు ఆపుకున్న సిస్టంలో పైన కరీంనగర్ జవాబులో చెప్పిన 255 ఒక్కటే కాపాడదు. 2014లో పరిశోధకులు బ్యాడ్‌యూఎస్‌బీ అనే దాడి చేసి చూపించారు. పెన్ డ్రైవ్ లోపలి చిప్పులోని ప్రోగ్రాం మార్చేస్తే అది "నేను కీబోర్డుని" అని చెప్పుకుని, మీరు కొట్టినట్టే అక్షరాలు కొట్టేస్తుంది. కీబోర్డుకి ఆటోప్లేతో సంబంధం ఏముంది? బస్టాండులో దొరికింది ఎవరిదో తెలుసుకోవాలని ఉంటే డిపో కౌంటర్లో ఇచ్చేయండి, మీ కంప్యూటర్లో తెరిచి చూడకండి.