హాల్లో అత్తమామలుంటే ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో మనసు విప్పి మాట్లాడేదెలా?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. నాకు 31 ఏళ్లు. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. ఐదు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. గుండె దడ, ప్రతిదానికీ టెన్షన్. ఆస్పత్రికి వెళ్తే తెలిసినవాళ్లు చూస్తారేమోనని భయం. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనిచేస్తుందా? మాది చిన్న ఇల్లు, అత్తమామలు ఎప్పుడూ హాల్లోనే ఉంటారు.
– ఒక సోదరి

జవాబు: పనిచేస్తుందమ్మా. ఆందోళన, దిగులు లాంటి ఇబ్బందులకు వీడియో కౌన్సెలింగ్ కూడా, ఎదురుగా కూర్చుని మాట్లాడినంత మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలింది. నేను చూసే వాళ్లలోనూ అది కనిపిస్తోంది.

మీరు చివర్లో రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇంట్లో చాటు లేకపోతే ఎంత మంచి కౌన్సెలర్ అయినా చేయగలిగేది తక్కువ. విజయవాడ నుంచి ఒకావిడ మూడు వారాల పాటు నాతో వీడియోలో మాట్లాడారు. ఏది అడిగినా ‘బాగానే ఉందండీ’ అనేవారు. హాల్లో టీవీ సౌండ్ తగ్గితే ఆవిడ గొంతూ తగ్గిపోయేది. నాలుగోవారం డాబా మీదికి వెళ్లి, వాటర్ ట్యాంకు నీడలో కూర్చుని ఫోన్ చేశారు. ఆ రోజు గానీ అసలు విషయం బయటికి రాలేదు.

మీరూ అలాంటి చోటు ఒకటి చూసుకోండి. డాబా కావచ్చు, స్నేహితురాలి ఇల్లు కావచ్చు. అత్తయ్యగారు గుడికి వెళ్లే సమయమైనా సరే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలి మాటలు ఎవరికీ వినపడవు. ‘ఆ ఫైల్ తర్వాత పంపిస్తాను’ అంటే గదిలోకి ఎవరో వచ్చారని అర్థం అని కౌన్సెలర్‌కు ముందే చెప్పి ఉంచండి. నోటితో అనలేని మాటను చాట్‌లో టైప్ చేయండి.

ఎవరి దగ్గర తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం తప్పేమీ కాదు. మందులు రాయాల్సింది మాత్రం డాక్టరే. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆన్‌లైన్‌లో రాసే మందుల చీటీ మీద కూడా డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మొదటిరోజే మీరున్న చోటు అడ్రస్, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు అడిగితే కంగారు పడకండి. అత్యవసరమైతే సాయం పంపడానికే అది.

డబ్బు ఇబ్బందైనా, ముందు ఒకసారి మాట్లాడి చూద్దామనిపించినా 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఒక్క పని మాత్రం ఫోన్‌లో అవదు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం థైరాయిడ్ తేడా వల్లా, రక్తహీనత వల్లా రావచ్చు. ఈ వారంలోనే ఆ రక్తపరీక్షలు చేయించండి. నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు.

చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వీడియో అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. వెంటనే మీవారికి చెప్పి, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)కి గానీ దగ్గర్లోని ఆస్పత్రికి గానీ నేరుగా వెళ్లండి. అంతవరకు రాకపోయినా, మొదటి సెషన్‌కు ముందే ఆయనతో ఒక మాట చెప్పి, ఆ గంటసేపు అత్తమామలను అలా బయటికి తీసుకెళ్లమనండి.