ఆ వ్యాసంలో అమ్మ ఎక్కడుంది?

(పత్రికల్లో చదివిన విషయాలపై పాఠకుల సందేహాలకు, ఫీచర్స్ డెస్క్‌లో చాలాకాలం పనిచేసిన మా కాలమిస్టు జవాబులు. ఈసారి హోమ్‌స్కూలింగ్, అంటే పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం గురించి వచ్చిన మూడు ఉత్తరాలు.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా వారికి ఎలక్ట్రికల్ షాపు ఉంది. బాబు నాలుగో తరగతి. హోంవర్క్ అంటే రోజూ ఏడుపే. ఈమధ్య ఒక ఆదివారం అనుబంధంలో హోమ్‌స్కూలింగ్ మీద పూర్తి పేజీ వ్యాసం వచ్చింది, కటింగ్ పంపుతున్నాను. అది చదివినప్పటి నుంచి మా వారు వచ్చే జూన్‌లో బాబును బడి మాన్పిద్దామని పట్టుబట్టారు. చదివితే నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ ఎక్కడో తేడాగా ఉంది. అదేమిటో చెప్పలేకపోతున్నాను. ఆ వ్యాసాన్ని నమ్మవచ్చా?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కటింగ్ చూశానమ్మా. అందులో పచ్చి అబద్ధమంటూ పెద్దగా లేదు. ఆ కుటుంబం నిజం, ఆ పాప తెలివితేటలూ నిజం. మీకు ఏడుపు రావడం కూడా సహజమే, ఎందుకంటే చదివేవాళ్లను ఒప్పించాలనే అది రాశారు, బాగా రాశారు. మీకు తేడాగా అనిపిస్తున్నది అందులో వదిలేసిన సంగతుల వల్ల.

ముందు ఇంట్రో చూడండి. బ్యాగు బరువుకు వంగిపోయిన ఏడేళ్ల పాప, ఆటో దిగి గేటు దగ్గర వెక్కివెక్కి ఏడుస్తోంది. రెండో పేరాలో అదే పాప మామిడి చెట్టు కింద చీమల పుట్ట చూస్తూ నవ్వుతోంది. బడిలో ఏడుపు, ఇంట్లో నవ్వు. ఆ రెండు పేరాలు చదివేసరికే మీరు నిర్ణయం తీసేసుకున్నారు. మిగతా పేజీ అంతా ఆ నిర్ణయానికి బలం చేకూర్చడానికే ఉంది. బడిలో నవ్విన రోజు ఆ పాపకు ఒక్కటైనా ఉండదా? ఇంట్లో విసిగిపోయిన మధ్యాహ్నం ఉండదా? రిపోర్టర్ అడిగి ఉంటే ఆ తల్లే చెప్పేది.

తర్వాత ఎడిసన్. 'మీవాడికి బుర్ర సరిగ్గా లేదు' అని టీచరు ఇచ్చిన ఉత్తరాన్ని తల్లి మార్చి చదవడం, 'నీకు చదువు చెప్పగల టీచర్లు వాళ్ల దగ్గర లేరట నాన్నా' అనడం, ఆమె పోయాక అసలు ఉత్తరం బయటపడటం... వాట్సాప్‌లో మనందరికీ వచ్చిన కథే. అలాంటి ఉత్తరం ఉన్నట్టు ఆధారమే లేదు. ఎడిసన్ పెద్దయ్యాక చెప్పుకున్నది వేరు. తనకు బుర్ర సరిగ్గా లేదని టీచరు అనడం విని తల్లికి చెప్పాడు. ఆమె బడికి వెళ్లి కోప్పడి, తనే చదువు చెప్పుకుంది. పెళ్లికి ముందు ఆమె టీచరుగా పనిచేసిన మనిషి. ఈ కథ చెప్పేవాళ్లు సరిగ్గా ఆ ఒక్క ముక్క మింగేస్తారు. ఠాగూర్ విషయంలోనూ అంతే. ఆయనకు బడి పడలేదు, ఇంట్లో మాస్టర్ల దగ్గర చదువుకున్నారు, నిజమే. కానీ ఆ ఠాగూరే 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టారు. వ్యాసం అక్కడిదాకా వెళ్లలేదు.

ఇప్పుడు పేజీ మధ్యలో రంగు బాక్స్. 'అమెరికాలో ఇంట్లో చదివిన పిల్లలే ముందున్నారని పరిశోధనలు తేల్చాయి' అని ఉంది. ఏ పరిశోధనో, ఎవరు చేశారో లేదు. ఈ మాటకు సాక్ష్యంగా ఎక్కువగా చూపించేవాటిలో అమెరికా పరిశోధకుడు లారెన్స్ రడ్నర్ 1999లో ప్రచురించిన అధ్యయనం ఒకటి. అందులో పిల్లలు 20,760 మంది. అంత పెద్ద సంఖ్య చూశాక ఎవరికీ నోరు పెగలదు. కానీ వాళ్లంతా ఎవరంటే, పిల్లలకు పరీక్ష పెట్టించుకోవాలని తమంతట తాము ముందుకొచ్చిన కుటుంబాల వాళ్లు. పిల్లవాడు వెనకబడిపోయాడని దిగులుపడే ఇంటివాళ్లు అలా ముందుకొస్తారా? ఆ ఇళ్లలో తల్లిదండ్రుల చదువూ ఎక్కువే, తల్లుల్లో ఎక్కువమంది ఉద్యోగం చేయనివాళ్లు. అధ్యయనానికి డబ్బిచ్చింది హోమ్‌స్కూలింగ్ కుటుంబాల తరఫున కోర్టుల్లో పోరాడే సంఘం. అయినా రడ్నర్ నిజాయితీగానే రాశాడు, తన అధ్యయనం బడి కంటే ఇల్లు మేలని నిరూపించడం లేదని. ఆ హెచ్చరిక బాక్సుల్లోకి ఎప్పుడూ ఎక్కదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఒక మనిషి తన పనికి తానే హద్దు గీసి చెబితే, ఆ హద్దు చెరిపేసి అంకె మాత్రం తెచ్చుకుంటాం.

ఇక మాళవిక జోషి. 2016లో 'పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేకుండానే ఎంఐటీలో సీటు' అని దేశమంతా హెడ్డింగులు పెట్టిన ముంబయి అమ్మాయి. ఏడో తరగతిలో ఉండగా తల్లి బడి మాన్పించింది. హెడ్డింగులో పట్టనిది ఏమిటంటే, ఆ అమ్మాయికి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పోటీ అయిన అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో రెండు రజతాలు, ఒక కాంస్యం వచ్చాయి. అమెరికా విశ్వవిద్యాలయం ఎంఐటీ చూసింది ఆ పతకాలను. అదే సర్టిఫికెట్ లేనందువల్ల మన ఐఐటీల్లో చేరే వీలు లేకపోయింది. ఆమె కోసం తల్లి ఉద్యోగం మానేసి, ఇంట్లో పాఠాలన్నీ తానే తయారుచేసుకుంది. మన హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ కూడా ఇంట్లో చదివే ఎనిమిదేళ్లకు పదో తరగతి స్థాయి పూర్తిచేసిందని మన పత్రికలన్నీ రాశాయి. ఇలాంటి పిల్లలను చూసి సంతోషిద్దాం. కానీ టీవీలో 'ఒకటి... ఒకటి... ఒకటి...' అని కాలేజీల యాడ్స్ వస్తే, ర్యాంకు రాని పిల్లల మాటేమిటని మనమే అడుగుతాం కదా. ఇక్కడా అదే అడగాలి. భాగహారం దగ్గర ఏడ్చే మీ బాబు లాంటి పిల్లవాడు ఆ పేజీలో ఎక్కడైనా ఉన్నాడా?

అన్నిటికంటే నన్ను ఆపేసింది నాలుగో కాలమ్. 'పాప కోసం అమ్మ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుంది.' పేజీ మొత్తంలో ఆమె గురించి ఉన్నది ఈ ఒక్క వాక్యం. మాటలన్నీ తండ్రివే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా పాప పక్కన కూర్చున్న మనిషికి ఒక్క కొటేషన్ లేదు. ఫొటో కూడా చూడండి. పెద్ద వరండా, గోడ నిండా పుస్తకాలు, మూలన టెలిస్కోపు. ఆ ఇల్లు ఒక జీతం పోయినా నడుస్తుంది. కింద చిన్న అక్షరాల్లో, తల్లిదండ్రుల కోసం ఆ తండ్రి నడిపే వారాంతపు శిక్షణ శిబిరం వివరాలున్నాయి. ఫీజు కట్టి చేరాలి. ఆయన మంచివాడే కావచ్చు. కానీ హోమ్‌స్కూలింగ్ మీద ఆయనకు ఆదాయం వస్తోందన్న సంగతి మొదటి కాలమ్‌లోనే పాఠకుడికి చెప్పాలి.

చట్టం మాట. 'ఎక్కడా నిషేధం లేదు' అని రాశారు. సగం నిజం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో హోమ్‌స్కూలింగ్ ఊసే లేదు. అయితే ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అదే చట్టం పదో సెక్షన్ చెబుతోంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇదీ శిక్ష అని మాత్రం రాయలేదు. రేపు సర్టిఫికెట్ కావాలంటే జాతీయ సార్వత్రిక విద్యాలయం, అదే ఎన్‌ఐఓఎస్ ఉంది. పదో తరగతికి కనీసం పద్నాలుగేళ్లు నిండాలి. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. దారి లేకపోలేదు, కానీ ఆ దారిలో ఫారాలు, ఫీజు గడువులు, పరీక్షా కేంద్రాలు చూసుకునే పని మీ ఇంట్లో ఎవరో ఒకరిది అవుతుంది.

మీ వారితో గొడవ వద్దు. బాబు ఏడుపు చూడలేకే ఆయన ఆ పేజీని పట్టుకున్నారు. మీరు బ్యాంకులో, ఆయన షాపులో ఉన్నప్పుడు బాబు పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది మాత్రం ఇద్దరూ ఒక కాగితం మీద గంటలవారీగా రాయండి. ఈలోగా క్లాస్ టీచర్‌ను కలవండి, కళ్లు కూడా పరీక్ష చేయించండి. బోర్డు కనబడక ఏడ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. ఇంట్లో చదివించడం మొదలుపెట్టి, తర్వాత మళ్లీ బడిలో చేర్చిన కుటుంబం ఎక్కడైనా ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లి మాట్లాడండి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర ఉంటుంది. మనవరాలిని ఇంట్లోనే చదివిస్తానంటోంది. 'ఇక్కడ అందరూ ఇదే చేస్తున్నారు నాన్నా' అంటుంది. ఇంతలో నా వాకింగ్ మిత్రుడు ఒక పత్రిక బొమ్మ పంపాడు. పుస్తకాలతో కట్టిన ఇల్లు, ఊచల కిటికీ వెనక దిగులుగా ఒక పాప. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లదట. ఒకటే టెన్షన్. నిద్ర పట్టడం లేదు.
— ఒక తాతగారు, గుంటూరు

జవాబు: అయ్యా, ఆ బొమ్మ నాకు బాగా గుర్తుంది. హార్వర్డ్ మ్యాగజైన్ 2020 మే-జూన్ సంచికలోది. హోమ్‌స్కూలింగ్‌ను దాదాపుగా నిషేధించాలన్న ఎలిజబెత్ బార్తొలెట్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ అభిప్రాయాలపై రాసిన వ్యాసానికి వేసింది. ఊచల వెనక ఒక పాప, బయట మిగతా పిల్లలంతా ఆడుకుంటున్నారు. ఒక పుస్తకం అట్ట మీద 'అరిథ్‌మెటిక్' అన్న మాటకే స్పెల్లింగ్ తప్పు పడింది. చదువు గురించిన బొమ్మలో ఆ తప్పేమిటని పాఠకులు పట్టుకుంటే తర్వాత దిద్దారు. ఇంట్లో చదువుకుని హార్వర్డ్‌కు వచ్చినవాళ్లు కూడా అభ్యంతరం చెబుతూ రాశారు.

ఖమ్మం తల్లి పంపిన వ్యాసం నవ్వుతో ఒప్పించింది, ఇది భయంతో ఒప్పిస్తోంది. ఆ ప్రొఫెసర్ లేవనెత్తిన ప్రశ్న చిన్నదేమీ కాదు. ఇంట్లో హింసకు గురయ్యే పిల్లలను మొదట గుర్తుపట్టేది చాలాసార్లు టీచర్లే. ఆ పిల్లల గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి. కానీ ఆ బొమ్మ అలాంటి ఇంటికీ మీ అమ్మాయి ఇంటికీ తేడా చూపించదు. మీకు నిద్ర పట్టనిది అందుకే.

'అందరూ చేస్తున్నారు' అన్నదీ సరికాదు. అమెరికా సెన్సస్ సర్వేలో హోమ్‌స్కూలింగ్ చేస్తున్నామన్న కుటుంబాలు 2020 వసంతంలో 5.4 శాతం, ఆ శరత్కాలానికి 11.1 శాతం. 'రెట్టింపు' అని హెడ్డింగులు వచ్చాయి. అది కరోనాతో బళ్లు మూతపడిన సంవత్సరం, పైగా రెట్టింపయ్యాక కూడా తొమ్మిదిళ్లలో ఒక ఇల్లు. టెక్సస్‌లో చట్టపరంగా భయం లేదు. ఇంటి చదువును ప్రైవేటు బడిగా పరిగణించాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. మీరు అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు, పాప వారంలో ఎవరెవరితో ఆడుకుంటుందో, లెక్కలు ఎవరు చెబుతారో అడగండి. ఆ బొమ్మ మాత్రం ఆమెకు ఫార్వర్డ్ చేయకండి.

ప్రశ్న: నేను తిరుపతిలో రిపోర్టర్‌ను, కొత్తగా చేరాను. హోమ్‌స్కూలింగ్ ఫెయిలైన ఒక కుటుంబం మీద స్టోరీ చేస్తున్నాను. పన్నెండేళ్ల అబ్బాయి, ఇప్పటికీ తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఫొటో, పేరు ఇవ్వడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. స్టోరీ బలంగా రావాలంటే ఏం చేయాలి మేడమ్?

జవాబు: బాబూ, బలం సంగతి తర్వాత. ఒక్క కుటుంబం ఓడిపోయిందని హోమ్‌స్కూలింగే తప్పని తేల్చకు. ఆ అబ్బాయి బడిలో ఉన్నప్పుడు ఎలా చదివేవాడో పాత టీచర్‌ను కలిసి కనుక్కో. చదవడంలో ఇబ్బంది ముందునుంచే ఉందేమో, అందుకే మాన్పించారేమో. అలా అయితే స్టోరీయే మారిపోతుంది. అదే జిల్లాలో ఇంట్లో చదివి ఓపెన్ స్కూల్ పది పాసయిన పిల్లలుంటే ఒకరితోనైనా మాట్లాడు. తల్లితో విడిగా మాట్లాడు, తండ్రి పక్కన లేనప్పుడు.

పేరు, ఫొటోకు ఒప్పుకున్నది తల్లిదండ్రులు. ఇంకో నాలుగేళ్లకు ఇంటర్‌లో చేరితే, క్లాసులో ఎవడో ఫోన్‌లో వెతికి 'వీడికి చదవడం రాదంట' అని చూపిస్తే పడాల్సింది ఆ అబ్బాయి. పేరు మార్చు, ఊరి పేరు తీసెయ్, ముఖం కనిపించని ఫొటో వాడు. ఇప్పటికే డెస్క్‌కు పంపేసి ఉంటే ఈ పూటే ఫోన్ చేసి మార్పించు. పేజీ మేకప్ అయ్యాక అడిగితే ఎవరూ వినరు.