వార్డెన్ ఉద్యోగంలో చేరిన చిట్టికి, పెద్దమ్మ

చిట్టీ,

నీకు హాస్టల్ వార్డెన్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మెస్ బిల్లులు, నీళ్ల ట్యాంకర్లు, గేటు దగ్గర పంచాయితీలు నెల తిరిగేసరికి నీకే అలవాటైపోతాయి. ఒక్క సంగతి మాత్రం ముందే రాసి పెడుతున్నాను. ఏదో ఒక రాత్రి ఒక పిల్ల నీ తలుపు కొట్టి, నోరు పెగలక నిలబడిపోవచ్చు. తన మీద అఘాయిత్యం జరిగిందని నీకు అర్థమవుతుంది. ఏం చేయాలో అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టకూడదు.

నేను క్యాజువాల్టీలో ఉన్నప్పుడు ఒక డిగ్రీ పిల్లని అయిదో రోజున తీసుకొచ్చారు. కేసు పెట్టాలా వద్దా అని పెద్దవాళ్లు నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డారట. మధ్యలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ‘ఇది పోలీసు కేసు, మేం ముట్టుకోం’ అని పంపేశారట. బెంచీ మీద కూర్చుని ఆ పిల్ల చున్నీ కొసని వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందుకి గడువు ఘటన జరిగినప్పటి నుంచి 72 గంటలు. అది దాటిపోయింది. అందుకే నా మాట ఒకటే: ముందు వైద్యం, కేసు సంగతి తర్వాత.

తెల్లారనీ అనుకోకు, రాత్రే బయల్దేరు. హెచ్‌ఐవీ మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. 28 రోజులు ఆపకుండా వాడాలి. కడుపులో తిప్పుతోందని కొందరు మధ్యలోనే మానేస్తారు, కాబట్టి రోజూ అన్నం తిన్నాక గుర్తుచేయడం నీ పని. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర 72 గంటల్లోపు బాగా పనిచేస్తుంది, 5 రోజుల వరకూ ఇస్తారు. వేసుకున్న రెండు గంటల్లోపే వాంతి అయితే మళ్లీ వేయాలి. మెడికల్ షాపులో ఆ మాత్ర కొనిచ్చి పడుకోబెడితే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. హెపటైటిస్-బి టీకా, ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్, సుఖవ్యాధులకి మందులు, గాయాల సంగతి ఎవరు చూడాలి?

కేసుకి ఆధారంగా ఒంటి మీంచి తీసే నమూనాలు 96 గంటల వరకూ తీసుకోవచ్చు. స్నానం చేయకుండా వస్తే మంచిదే. చేసేసిందా, ఏమీ అనకు, అలాగే తీసుకెళ్లు. విప్పిన బట్టలు ఉతకనివ్వకు, ప్లాస్టిక్ కవర్లో పెట్టకు. తేమకి బూజు పట్టి ఆధారాలు పాడవుతాయి. ఒక్కో బట్టని విడిగా కాగితపు సంచిలో పెట్టు. కూల్‌డ్రింక్‌లో ఏదో కలిపారని చెబితే డాక్టరుకి ముందే చెప్పు, మూత్రం, రక్తం తొందరగా తీయాలి. ఒంటి మీద గాయాలు లేనంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు. మా డిపార్ట్‌మెంట్‌లో కూడా ఈ మాట తలకెక్కనివాళ్లని చూశాను.

రిసెప్షన్‌లో ‘గవర్నమెంట్ ఆసుపత్రికి పొండి’ అంటే కదలొద్దు. ప్రభుత్వ ఆసుపత్రి గానీ ప్రైవేటు గానీ ఉచితంగా వైద్యం చేసి తీరాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. కాదంటే భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు. గట్టిగా అరవక్కర్లేదు, ఆ రెండు నంబర్లు చెప్పి డ్యూటీ డాక్టరుని పిలవమను.

లోపల ప్రతి పనికీ ఆ అమ్మాయి ఒప్పుకోవాలి. వైద్యం కావాలి, నమూనాలు వద్దు అనే హక్కు తనకుంది. ఆసుపత్రి పోలీసులకి కబురు చేస్తుంది. కేసు వద్దని తను అంటే ఆ మాట రాసుకుంటారు గానీ వైద్యం ఆపకూడదు. ఇదివరకే అలవాటుందా అని చూసే రెండు వేళ్ల పరీక్ష ఎవరైనా చేయబోతే అడ్డుపడు. అలా చేయడం తప్పుడు ప్రవర్తన కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2022లో తేల్చేసింది. ఒక్క మెలిక ఉంది. మీ ఫస్టియర్‌లో పదిహేడేళ్ల పిల్లలుంటారు. 18 నిండకపోతే, పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పడం నీకూ తప్పనిసరి. ఆ సంగతి ఆ పిల్లకి ముందే చెప్పు, మోసం చేశావనుకోకుండా.

నువ్వు మాత్రం ‘ఆ టైములో అక్కడికెందుకెళ్లావ్’ అని అడగొద్దు. డాక్టరుకీ పోలీసులకీ ఎలాగూ చెప్పాలి, నీకు కూడా పూస గుచ్చినట్టు చెప్పమనకు. పేరు రిజిస్టర్లో గానీ వార్డెన్ల వాట్సాప్ గ్రూపులో గానీ రాయకు, పేరు బయటపెట్టడం చట్టరీత్యా నేరం కూడా. ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలో మేజర్ పిల్లయితే తననే అడుగు. కాలేజీలో ఫిర్యాదు చేయాలనుకుంటే యూజీసీ 2015 నిబంధనల ప్రకారం మూడు నెలల్లో, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీకి ఇవ్వాలి. ప్రిన్సిపాల్ ‘కాలేజీ పరువు’ అని మొదలుపెడతారు. విని ఊరుకో, ఫిర్యాదు కాగితం మాత్రం ఇప్పించు.

మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలకి సాయం చేసే సఖి కేంద్రం వాళ్లు కౌన్సెలర్‌నీ లాయర్‌నీ చూపిస్తారు. అయిదు రోజుల వరకూ ఉండనిస్తారు. హైదరాబాద్‌లో అయితే 2016 నుంచి పోలీసుల భరోసా కేంద్రం ఉంది. నిద్ర పట్టట్లేదంటే 14416, మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు. నెలసరి తప్పితే వెంటనే పరీక్ష చేయించు. ఆరు వారాలకి, మూడు నెలలకి రక్తపరీక్షలుంటాయి, క్యాలెండర్లో గుర్తు పెట్టుకో. అప్పటికి తోడొచ్చేవాళ్లు ఎవరూ మిగలరు.

రేపే నీ బీరువా కింది అరలో నాలుగు కాగితపు సంచులు, ఒక కొత్త నైటీ, చున్నీ, ప్యాడ్‌లు, బిస్కెట్ ప్యాకెట్ పెట్టు. ఆసుపత్రిలో బట్టలు ఉంచేసుకుంటారు, తిరిగొచ్చేటప్పుడు కట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మీ పెద్దమ్మ