కోడ్ వస్తుంది, ఇంటర్వ్యూలో నోరు పెగలదు

ప్రశ్న: మేడమ్, ఉద్యోగం కోసం లీట్‌కోడ్ అనే కోడింగ్ సాధన సైట్‌లో నాలుగు వందల పైచిలుకు లెక్కలు చేశాను. ఒక్కడినే కూర్చుంటే మీడియం స్థాయివి ఇట్టే వచ్చేస్తాయి. ఇంటర్వ్యూలో మాత్రం ప్రశ్న చదవగానే బుర్ర మొద్దుబారిపోతుంది. మొన్న 'ఒక్క అక్షరం కూడా రెండోసారి రాని అతి పొడవైన ముక్క కనుక్కో' అన్నారు. నేను ఇదివరకు చేసిన లెక్కే. చాలాసేపు మౌనంగా ఉండి, చివరికి తప్పు కోడ్ రాసి వచ్చాను. ఇంకో రెండు వందలు చేస్తే ధైర్యం వస్తుందంటారా?

జవాబు: రాదు. ఆరు వందలైనా ఇదే కథ.

నేను ప్రశ్నలడిగే వైపు కూర్చునేదాన్ని. మీరు మౌనంగా ఉన్నంతసేపూ నా నోట్సు కూడా ఖాళీగానే ఉంటుంది. తర్వాత తోటివాళ్లతో కూర్చుని 'తీసుకుందామా, వద్దా' అని మాట్లాడుకునేటప్పుడు నా చేతిలో ఉండేది ఆ నోట్సే. మీ తలలో ఎంత మంచి ఆలోచన తిరిగినా అది నాకు తెలిసే దారి లేదు. అలాగని వాగుతూనే ఉండమనీ కాదు. 'ఇక్కడ లూప్ పెడుతున్నా, ఐ సున్నాతో మొదలు' అని రాసే ప్రతి లైనూ చదివి వినిపించేవాళ్లుంటారు. ఆ లైను నాకూ కనబడుతూనే ఉంటుంది కదా! నాకు కావలసింది మీ నిర్ణయం. 'ప్రతి ముక్కనీ విడిగా చూస్తే జవాబొస్తుంది గానీ నెమ్మది. ఏ అక్షరం ఎక్కడ కనిపించిందో గుర్తుపెట్టుకుంటే ఒక్కసారి చదివితే సరిపోతుంది' అంటే చాలు, నా పెన్ను కదులుతుంది.

మీకొచ్చిన లెక్కే చూద్దాం. అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ, ప్రతిదీ చివరిసారి ఏ చోట కనిపించిందో హ్యాష్ మ్యాప్‌లో, అంటే అడిగిన అక్షరానికి దాని చోటు ఇట్టే చెప్పే పట్టీలో రాసుకుంటాం. చూసిన అక్షరం మళ్లీ వస్తే ముక్క ఎడమ హద్దును ఆ పాత చోటు తర్వాతి చోటుకి జరుపుతాం. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు దీన్ని 'కమమక' మీద నడిపించండి. చోట్లు 0 నుంచి 3. రెండో 'మ' రాగానే ఎడమ హద్దు 2కి వస్తుంది. తర్వాత చివరి 'క'. మ్యాప్‌లో దాని పాత చోటు 0, కాబట్టి హద్దు 1 అని రాసేస్తాం. అంటే హద్దు వెనక్కి నడిచింది! ముక్క 'మమక' అయిపోయి, పొడవు 3 అని జవాబొస్తుంది. అసలు జవాబు 2. పాత హద్దు, కొత్త హద్దుల్లో ఏది పెద్దదైతే అది తీసుకుంటే సరి. మీరు రాసిన తప్పు కూడా ఇదే అయి ఉంటుందని నా అనుమానం. చాలామంది పడేది ఇక్కడే.

ఈ తప్పు రాసినంత మాత్రాన నేనెవరినీ వెనక్కి పంపను. ఇలాంటి చిన్న ఉదాహరణ తామే వేసుకుని, వేలు పెట్టి నడిపించి, 'ఆగండి, ఇది వెనక్కి పోతోంది' అని పట్టుకున్నవాళ్లంటే నాకు గురి. కంఠతా పట్టిన కోడ్‌ని గడగడా దించేసి 'అయిపోయింది' అని చేతులు కట్టుకున్నవాళ్ల కంటే వాళ్లకే ఎక్కువ వేస్తాను.

నోరు పెగలనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలంటారా? ఇన్‌పుట్ ఎంత పెద్దదో అడగండి. అది మాట్లాడటానికి సాకూ అవుతుంది, దారీ చూపిస్తుంది. లక్ష అంకెలున్నాయంటే, లూప్‌లో లూప్ పెడితే వెయ్యి కోట్ల అడుగులు. మామూలు కంప్యూటర్ సెకనుకి చిన్నాచితకా పనులు ఓ పది కోట్లు చేస్తుందనుకున్నా అది నిమిషం దాటిపోతుంది. అదే ముందు సార్టింగ్ చేసుకుంటే ఓ పదిహేడు లక్షల అడుగులతో తేలుతుంది. ఇన్‌పుట్ ఇరవై అంకెలే అన్నారనుకోండి, అన్ని కలయికలూ చూసినా 10,48,576. అంటే మొరటు దారి చాలని ఎదుటివాళ్లు చెప్పకనే చెప్పారన్నమాట.

సాధన సంగతి. ఆ నాలుగు వందల్లో కాసేపు తంటాలు పడి, సొల్యూషన్ తెరిచి, 'ఓహో, ఇంతేనా' అని టైప్ చేసినవి పక్కన పెట్టండి. మిగిలినవాటిలోంచి ఓ ఇరవై తీసి, ఏ సూచనలూ ఇవ్వని ఉత్త ఎడిటర్‌లో, రన్ బటన్ లేకుండా, పైకి మాట్లాడుతూ మళ్లీ చేయండి. ఎదురుగా ఒక మనిషి ఉంటే మరీ మంచిది. వాళ్లకి కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు, 'ఎందుకు?' అని అడుగుతూ ఉంటే చాలు. కొత్త లెక్కల జోలికి కొన్నాళ్లు వెళ్లకండి.

ప్రశ్న: తొమ్మిదేళ్ల అనుభవం నాది. రోజూ లక్షలమంది వాడే సర్వీసులు నడుపుతున్నాను. ఇప్పుడు కంపెనీ మారాలంటే కాలేజీ కుర్రాళ్లతో పాటు బైనరీ ట్రీ (ప్రతి నోడ్ నుంచీ రెండుకి మించకుండా కొమ్మలు చీలే డేటా అమరిక) తిరగెయ్యాలా? ఇదేం న్యాయం?

జవాబు: మీ కోపం కొత్తదేం కాదు. మ్యాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోవడానికి వాడే హోమ్‌బ్రూ తయారుచేసిన మాక్స్ హోవెల్ 2015లో ఇదే గోడు ట్విటర్‌లో వెళ్లబోసుకున్నాడు. గూగుల్ ఇంజనీర్లలో అత్యధికులు తన సాఫ్ట్‌వేర్ వాడుతున్నారట, బోర్డు మీద బైనరీ ట్రీ తిరగెయ్యలేదని తనని మాత్రం వద్దన్నారట. దాని మీద పెద్ద రచ్చే జరిగింది. పద్ధతి మాత్రం చాలాచోట్ల అలాగే ఉండిపోయింది.

న్యాయమా అంటే, నా మటుకు నాకు కాదనే అనిపిస్తుంది. ఈ పరీక్షలో మంచివాళ్లు కూడా జారిపోతుంటారు, కళ్లారా చూస్తున్నాను. కానీ ఆ లెక్క నిజానికి నాలుగైదు లైన్లు. ప్రతి నోడ్ దగ్గరా ఎడమ కుడి మార్చి, కిందివాటికీ అదే పని అప్పజెప్పడం, నోడ్ లేకపోతే వెనక్కి రావడం. దాని మీద అలిగి మంచి అవకాశం వదులుకుంటే నష్టం మీదే. హ్యాష్ మ్యాప్, స్టాక్, బైనరీ సెర్చ్ (వరుసలో పేర్చినవాటిని సగం సగం చేస్తూ వెతకడం), ట్రీలు, గ్రాఫ్‌లో బీఎఫ్‌ఎస్ (దగ్గరివాటి నుంచి పొరలు పొరలుగా వెతకడం), డీఎఫ్‌ఎస్ (ఒక దారి చివరిదాకా వెళ్లి వెనక్కి రావడం) ఇవి చేతికి అలవాటయ్యేదాకా చేసి ఆపేయండి. డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో మునిగిపోకండి. మీ అనుభవానికి సిస్టమ్ డిజైన్ రౌండ్ (పెద్ద సర్వీసుని ఎలా కడతారో అడిగేది) బరువెక్కువ. మీరు నడిపిన సర్వీసు ఓ రోజు పడిపోతే ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు, అంకెలతో సహా చెప్పగలిగేలా రాసిపెట్టుకోండి. నాలుగేళ్ల కిందటి వివరాలు అప్పటికప్పుడు గుర్తురావు.

ప్రశ్న: ఉద్యోగంలో జావా వాడతాను. ఇంటర్వ్యూకి పైథాన్ అయితే తక్కువ రాయొచ్చంటున్నారు. మారమంటారా? ఇంకోటి, అడిగిన లెక్క ముందే తెలిసినదైతే చెప్పాలా?

జవాబు: వచ్చే వారమే ఇంటర్వ్యూ అయితే మారకండి. ప్రతి భాషకీ దాని గోతులు దానికున్నాయి. జావాలో బైనరీ సెర్చ్ మధ్య చోటుకి రెండు చివరలూ కూడి రెండుతో భాగిస్తే, కూడిక 2,14,74,83,647 దాటగానే రుణసంఖ్య అయిపోతుంది. జావా సొంత లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయిందని 2006లో జాషువా బ్లాక్ బయటపెట్టాడు. పైథాన్‌లో ఆ బెడద లేదు గానీ, లిస్టు ముందు నుంచి పాప్ చేస్తే మిగతావన్నీ ఒక్కో చోటు జరగాలి. బీఎఫ్‌ఎస్‌కి డెక్ (రెండు చివరల నుంచీ తేలిగ్గా తీయగలిగే వరుస) వాడాలని తెలియనివాళ్లు అక్కడ చిక్కుకుంటారు. రికర్షన్ (ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం) కూడా మామూలుగా వెయ్యి లోతు దగ్గర ఆగిపోతుంది. రెండు నెలల వ్యవధి ఉంటే మారండి.

తెలిసిన లెక్కైతే చెప్పేయండి. తెలియనట్టు నటిస్తే పట్టుకోవడం మాకు పెద్ద కష్టం కాదు. చెప్పినవాళ్లకి వేరేది ఇస్తాను, లేదంటే అదే లెక్కకి షరతు మారుస్తాను: 'అక్షరాలు ఒక్కసారిగా కాకుండా ఒక్కొక్కటే వస్తుంటే ఏం చేస్తారు?' అని.