ఆయింట్‌మెంట్ కంటే ముందు సాక్సు చూడండి

మీ ప్రశ్న ఇది: "మా నాన్నగారికి షుగర్. మోకాలి కింద కాలు తీసేశారు. కృత్రిమ కాలు పెట్టుకుని మూడు నెలలైంది. మొండి మీద ఎర్రటి మచ్చలు, దురద, అప్పుడప్పుడు బొబ్బలు. ఎండలు ముదురుతున్నాయి. చర్మం పాడవకుండా ఏ ఆయింట్‌మెంట్ రాయాలి?"

అమ్మా, మీరు అడిగింది ఆయింట్‌మెంట్ గురించి. నేను చెప్పబోయేది ఎక్కువగా సాక్సు గురించి, అంటే కృత్రిమ కాలు పెట్టుకునే ముందు మొండికి తొడిగే గుడ్డ తొడుగు గురించి. నా అనుభవంలో ఈ కష్టాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

నాది మధిర దగ్గర ఒక ఊరు, టైలర్ పని. 2015లో లారీ గుద్దింది. ఎడమ కాలు మోకాలి కింద ఆరు అంగుళాలు ఉంచి తీసేశారు. అప్పటి నుంచి ప్లాస్టిక్ సాకెట్ (మొండి దూరి కూర్చునే గిన్నెలాంటి భాగం), దాని కింద జైపూర్ పాదం. పొద్దున షాపు తీసిన దగ్గర నుంచి రాత్రి షట్టర్ దించేదాకా కాలు ఒంటి మీదే ఉంటుంది. కటింగ్ నిలబడే చేయాలి కదా. నాకు షుగర్ లేదు. మీ నాన్నగారికి ఉంది కాబట్టి నేను చెప్పేదానికి రెట్టింపు జాగ్రత్త పడాలి.

పొద్దున్న ఉన్న మొండి సాయంత్రానికి అదే కొలతలో ఉండదు. ఈ ఒక్క మాట నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నడిచేకొద్దీ సాకెట్ ఒత్తిడికి మొండిలోని నీరు పైకి పోతుంది, మొండి సన్నబడుతుంది. సాకెట్ గట్టి ప్లాస్టిక్, అది సన్నబడదు. మధ్యలో ఖాళీ వస్తుంది. అడుగు వేసినప్పుడల్లా మొండి సాకెట్ లోపల కిందికి దిగి పైకి లేస్తుంది. ఆ రాపిడికి ముందు ఎరుపు, తర్వాత బొబ్బ, ఆ తర్వాత పుండు. ఆ ఖాళీని అప్పటికప్పుడు నింపగలిగేది సాక్సే. ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను.

కాలు పెట్టుకున్నాక రెండో వేసవి, రోహిణి కార్తె. మా అక్క కూతురి పెళ్లి. మా వైపు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తారు. అక్కకు తమ్ముణ్ణి నేనొక్కణ్ణే, మిగతావాళ్లు వరసకు తమ్ముళ్లు. అందరూ వద్దన్నారు. "నా మేనకోడలు, నేను పట్టుకోకపోతే ఎట్లా" అని పట్టుబట్టాను. పొద్దున నాలుగున్నరకు స్నానం చేసి, మొండి తడి సరిగా ఆరకముందే కాలు తొడుక్కుని బయల్దేరాను. అదనపు సాక్సుల సంచి ఇంట్లో మంచం మీదే ఉండిపోయింది.

పది గంటలకల్లా మోకాలి చిప్ప కింది కొన సాకెట్ అంచుకు గుచ్చుకోవడం మొదలైంది. మొండి సన్నబడి లోతుకు దిగిపోతోందని అర్థం. ఇంకో సాక్సు వేసుకోవాలి, లేదు. కాలు విప్పి సర్దుకుందామంటే చోటు లేదు. లక్షల అద్దె తీసుకునే ఫంక్షన్ హాలు అది. పెళ్లికొడుకుకి గది, పెళ్లికూతురికి గది, డీజే వాళ్లకు కూడా గది ఉంది. తలుపు వేసుకుని ఒక కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చునే వీలు మాత్రం ఎక్కడా లేదు. వికలాంగులు పెళ్లిళ్లకు వస్తారని ఈ హాళ్లు కట్టేవాళ్లకు ఎప్పటికి తడుతుందో. చివరికి వంట సామాన్ల గదిలో బియ్యం బస్తా మీద కూర్చుని, భుజం మీది కొత్త కండువా తీసి మొండికి చుట్టి, దాని మీద సాక్సు లాగి కాలు తొడుక్కున్నాను. బిగుతుగా కూర్చుంది. హాయిగా అనిపించింది.

ఆ కండువాకు జరీ అంచు ఉంది. ఆ అంచు సరిగ్గా ముందు ఎముక మీద పడింది. కంగారులో చూసుకోలేదు. గంప పట్టుకుని ముప్పై నలభై అడుగులు వేశాను, పిల్ల బరువు, గంప బరువు, నా బరువు కలిసి ఆ అంచు మీద పడ్డాయి. తర్వాత భోజనాల దగ్గర తిరగడం, అప్పగింతలు. నొప్పి తెలుస్తూనే ఉంది, పెళ్లి కదా అని ఓర్చుకున్నాను. రాత్రి పదకొండుకి ఇంటికొచ్చి విప్పితే కండువా రాలేదు. రక్తం ఎండి అతుక్కుపోయింది. మా ఆవిడ గోరువెచ్చటి నీళ్లు పోస్తూ కొంచెం కొంచెంగా ఊడదీసింది. జరీ గళ్లు గళ్లుగా చర్మంలో దిగి ఉన్నాయి. ఆ వరస మధ్యలో రూపాయి బిళ్లంత మేర చర్మం లేచిపోయి, కింద ఎర్రగా తడితడిగా ఉంది. నలభై ఒక్క రోజులు కాలు పెట్టుకోలేదు. చంకకర్రల మీద కటింగ్ చేయలేక పెళ్లి బ్లౌజులన్నీ తిప్పి పంపేశాను.

అప్పటి నుంచి నా సంచిలో పల్చటివి మూడు, మందంది ఒకటి, నాలుగు సాక్సులు ఎప్పుడూ ఉంటాయి. ఊళ్లో పక్క వీధికి వెళ్లినా సరే. మధ్యాహ్నం భోజనానికి ముందు కాలు విప్పి, చెమట తుడిచి, సాక్సు మార్చి, అవసరమైతే ఒకటి ఎక్కువ వేస్తాను. మోకాలి చిప్ప కింద గుచ్చుకుంటున్నా, మొండి కొన సాకెట్ అడుక్కి కొట్టుకున్నట్టు ఉన్నా సాక్సు తక్కువైందని లెక్క. మొండి పూర్తిగా లోపలికి దిగకుండా పైనే ఆగిపోతుంటే సాక్సులు ఎక్కువయ్యాయి. ఎక్కువైనా తిప్పలే. అడుగున ఆనుడు లేక, పైన బిగిసి, కొన నీలంగా వాచిపోతుంది. అలా నెలల తరబడి వదిలేస్తే కొన మీద చర్మం పులిపిర్లలా గరుకుగా, మందంగా పెరుగుతుంది.

సాక్సు తొడిగేటప్పుడు కుట్టు బయటి వైపు ఉండాలి, ముడత ఒక్కటి కూడా ఉండకూడదు. చంకలో గుచ్చుకునే కుట్టు గురించి నా దగ్గరికి వచ్చి పోట్లాడే కస్టమర్లు ఉన్నారు. అలాంటిది ఒంటి బరువంతా మోసే చోట ముడత పడితే ఏమవుతుందో ఆలోచించండి. రోజూ ఉతికిన సాక్సే వేయాలి. సబ్బు మిగలకుండా నాలుగుసార్లు జాడించి, పిండకుండా, నీడలో ఆరేయాలి. ఒకసారి మా ఇంట్లో పొరపాటున చీరలతో పాటు నా సాక్సులకు కూడా గంజి పెట్టేశారు. ఒక్క పూటకే మొండి చుట్టూ దద్దుర్లు లేచాయి. మీ నాన్నగారిది సిలికాన్ లైనర్ (మొండికి తొడిగే రబ్బరులాంటి మెత్తటి తొడుగు) అయితే దాన్ని కూడా రోజూ రాత్రి సబ్బుతో కడిగి, బాగా జాడించి ఆరబెట్టాలి. దాని లోపల ఊరిన చెమట రాత్రంతా అలాగే ఉంటే మర్నాడు వెంట్రుకల మొదళ్లలో సెగ్గడ్డలు వస్తాయి. ఆ వెంట్రుకలు గీయించకండి, గీస్తే ఇంకా ఎక్కువ వస్తాయి.

మొండిని కడగాల్సింది రాత్రి. ఘాటు లేని సబ్బు, మామూలు నీళ్లు, మెత్తటి తువ్వాలు, తర్వాత కాసేపు ఫ్యాన్ గాలి. పొద్దున కడిగి వెంటనే తొడిగితే తడికి నానిన చర్మం సాకెట్‌కు పట్టుకుని చిట్లుతుంది. కొబ్బరినూనె రాయాలనిపిస్తే అది కూడా రాత్రే, పల్చగా. పొద్దున ఏదీ రాయకూడదు. పౌడర్ అసలే వద్దు, చెమటతో కలిసి ముద్దయి గీసుకుంటుంది. డెట్టాల్, స్పిరిట్ పోసి "శుభ్రం" చేసేవాళ్లను చూశాను, పసుపు దట్టంగా పట్టించేవాళ్లనూ చూశాను. చర్మాన్ని ఎండగొట్టి పగలగొట్టడం తప్ప వాటివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇక ఆయింట్‌మెంట్. మందుల షాపులో దురద అనగానే చేతిలో పెట్టే ట్యూబులు ఉంటాయి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, మనం సంబరపడతాం. రాస్తూ పోతే చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది, తామర ఉంటే లోపల్లోపల పాకుతుంది. మొండి మీది చర్మం పల్చబడితే సాకెట్‌ను ఎలా తట్టుకుంటుంది? మా బావమరిది ప్రేమతో తెచ్చిచ్చిన ట్యూబు వాడి నేను మూడు నెలలు బాధపడ్డాను. చర్మ డాక్టరు చూసి రాస్తే తప్ప ఏదీ పూయకండి.

షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి నొప్పి సరిగా తెలియదు. నాకు జరీ అంచు గుచ్చుకుంటున్నట్టు తెలిసింది, ఆయనకు అది కూడా తెలియకపోవచ్చు. కాబట్టి రోజూ రాత్రి కాలు విప్పగానే మీరే చూడండి. అడుగు వైపు, మోకాలి వెనక మడత కనబడడానికి చిన్న అద్దం పెట్టండి. విప్పగానే కొంచెం ఎరుపు మామూలే. పది పదిహేను నిమిషాలైనా పోని ఎరుపు మంచిది కాదు, మర్నాడు ఆ కాలు తొడగకుండా తయారుచేసిన చోటికి తీసుకెళ్లి చూపించండి. అదే అద్దంతో రెండో పాదం కూడా చూడండి. అది ఇప్పుడు రెండు కాళ్ల పని చేస్తోంది.

జైపూర్ కాలు మీద నాకు చాలా గౌరవం. 1968లో జైపూర్‌లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ కలిసి మనలాంటివాళ్ల కోసం చేసిన పాదం అది. చెప్పుల్లేకుండా నడవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పొలం గట్టు దిగవచ్చు. నా కోపం దాన్ని పంచే తీరు మీద. నేను కాలు తీసుకున్న శిబిరంలో దండలు వేశారు, ఫొటోలు తీశారు, రెండు సాక్సులిచ్చి పంపించేశారు. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. మొదటి ఏడాదిలో మొండి బాగా చిక్కిపోతుందని, సాకెట్ మార్చాల్సి వస్తుందని ఒక్కరూ అనలేదు. మీ నాన్నగారికి మూడు నెలలే అయింది కాబట్టి ఆయన సాకెట్ ఇప్పటికే వదులై ఉండొచ్చు. బంధువులు వచ్చి "సుధా చంద్రన్ ఆ కాలితోనే నాట్యం చేసింది, నువ్వు నడవలేవా" అంటారు. ప్రమాదంలో కాలు పోయాక జైపూర్ కాలితో మళ్లీ వేదికెక్కిన నర్తకి ఆవిడ, ఆ పట్టుదలకు నేనూ దండం పెడతాను. కానీ ఆ మాట విని పుండు మీదే నడిచి, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు బొబ్బ ఉంటే దాన్ని చిదమకండి, మానేదాకా కాలు తొడగనివ్వకండి. చీము, వాసన, జ్వరం ఏది కనబడినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. తర్వాత కాలు చేసినచోటికి వెళ్లేటప్పుడు ఆయన వాడే సాక్సులన్నీ పట్టుకెళ్లి, ఎన్ని వేస్తున్నారో, ఏ పూట గుచ్చుకుంటోందో చెప్పండి. బొబ్బలు ఏ చోట వస్తున్నాయో నాకూ రాయండి, చిప్ప కిందా, ముందు ఎముక మీదా, అడుగునా, వెనక మడతలోనా అని. చోటును బట్టి కారణం మారుతుంది.