పర్యాటక సమావేశానికి ఊరివాళ్ళు రాకపోతే ఊరంటే పట్టనట్టేనా?

మీ ఊరి పాత గుడినీ చెరువునూ చూడడానికి జనం వస్తున్నారనీ, పర్యాటక కమిటీ వేద్దామని మూడుసార్లు పిలిచినా పదిమంది కూడా రాలేదనీ రాశారు. ఊరిమీద అభిమానం లేకనే రావడం లేదా అని అడిగారు. కాదనే నా నమ్మకం. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది పోచంపల్లిలో చేనేత కుటుంబం. మా గుంట మగ్గం ఉన్నది మేము అన్నం తిని పడుకునే ఇంట్లోనే. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్లే కాబట్టి సెలవు రోజుల్లో సందర్శకులు ఎక్కువ. వాళ్ళను వెంటబెట్టుకొచ్చే మనుషులు ఒకప్పుడు పిలవకుండానే లోపలికి వచ్చేసేవారు. అమ్మ ఆసు పోస్తూ ఉండేది. ఆసు పోయడమంటే మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు తిప్పడం, భుజాలు పడిపోతాయి. తల్లి పడే ఆ బాధ చూడలేకే మా జిల్లాకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి పని చేస్తున్న అమ్మతో ఒకాయన "వీడియో సరిగా రాలేదు, మళ్ళీ తిప్పమ్మా" అన్నాడు. ఆ రోజు నాన్న తలుపు వేశారు. ఆ తరువాత పర్యాటకం పేరుతో ఎవరు సమావేశం పెట్టినా వెళ్ళలేదు.

ఆయనకు ఊరంటే అభిమానం లేదని ఎవరనగలరు? డిజైను ఒక్క పోగు పక్కకు జరిగినా, పోచంపల్లి పేరు పోతుందంటూ నేసినంత మేరా విప్పి సరిచేసే మనిషి. ఆ అభిమానమే ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టింది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా ఊరి దళితవాడకు వెళ్ళి, మీకేం కావాలని అడిగారు. వాళ్ళు 80 ఎకరాల భూమి కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. మా పిల్లలందరికీ ఈ కథ తెలుసు. పర్యాటకం విషయంలో మాత్రం ఆ మొదటి ప్రశ్న మమ్మల్ని చాలాకాలం ఎవరూ అడగలేదు.

చివరికి అడిగింది మా వీధి ఆడవాళ్ళే, సాయంత్రం అరుగుల మీద కూర్చుని. ఎవరికి ఏది ఇబ్బంది? భోజనాల వేళ ఎవరినీ తీసుకురాకూడదు. అడగకుండా ఫోటో తీయకూడదు. ఇష్టమున్న ఇళ్ళకే, వంతుల వారీగా తీసుకువెళ్ళాలి. చీర కొన్నా కొనకపోయినా, పని ఆపి వివరించినవారికి ఆ సమయానికి డబ్బు ఇవ్వాలి. ఈ చివరి మాట విన్నాకే నాన్న బయటికి వచ్చారు. ఇప్పుడు చిటికి, అంటే డిజైను కోసం రంగు అంటకుండా దారానికి వేసే కట్టు, ఎలా కడతారో, రంగుకు ముందే దారాన్ని ఎందుకు బిగిస్తారో ఆయనే చెబుతారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసినప్పుడు ఆయన మొదట అడిగింది, మగ్గాలకు పని పెరుగుతుందా అని. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు కమిటీలో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మీ చెరువులో చేపలు పట్టేవాళ్ళు, గట్టున బట్టలుతికేవాళ్ళు, గుడి పక్క ఇళ్ళవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళను సమావేశానికి పిలిచే ముందు మీరే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మీరు పెట్టిన మూడు సమావేశాలూ వాళ్ళ పనివేళల్లో పడ్డాయేమో కూడా ఒకసారి చూసుకోండి.