హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు ప్రయాణం?

గాలిలో దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి పోయేటప్పుడు సుమారు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు పడుతుంది; ఆ ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలులు పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి కనుక ఇంటిదారి పట్టిన విమానాన్ని అవే ముందుకు తోస్తాయి. అయితే కోరుట్ల దగ్గరి పల్లె నుంచి తొమ్మిదేళ్లపాటు దుబాయ్‌కి తిరిగినవాడిగా, మనవాళ్లు దెబ్బతినేది టికెట్ మీది అంకెల దగ్గరేనని చెప్పగలను.

2014లో మా బావమరిది మొదటిసారి బయలుదేరినప్పుడు నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. టికెట్ మీద 14వ తేదీ, 00:40 అని ఉంటే, అన్నీ తెలిసినవాడిలా ఒకసారి చూసి ‘14 రాత్రి’ అని చెప్పింది నేనే. ఆ పొద్దున పోచమ్మకు కొబ్బరికాయ కొట్టి, సకినాలు, మామిడి తొక్కు అట్టపెట్టెలో పెట్టి తాడుతో బిగించి, మధ్యాహ్నం దాటాక కిరాయి బండిలో తొమ్మిది మందిమి బయలుదేరి, జగిత్యాల, కరీంనగర్, సిద్దిపేట మీదుగా రాత్రి తొమ్మిదింటికల్లా శంషాబాద్ చేరుకున్నాము. ద్వారం దగ్గరి జవాను టికెట్‌ను రెండుసార్లు చూసి, ఈ విమానం నిన్న రాత్రే వెళ్లిపోయిందని హిందీలో చెప్పాడు. 14వ తేదీ 00:40 అంటే 13 అర్ధరాత్రి దాటిన 40 నిమిషాలకన్నమాట. మా అత్తమ్మకు ఆ మాట ఎంతకీ అర్థం కాలేదు. ‘నిన్న రాత్రి మనం ఇంట్లనే ఉంటిమి గదా బిడ్డా, మనల్ని ఇడిసిపెట్టి ఎట్ల పోతది?’ అని నన్నే అడిగింది. తెల్లవారేదాకా బండిలోనే కూర్చుని ఆ సకినాలు మేమే తిన్నాము. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి మళ్లీ టికెట్ కొన్నాము. వీసా ఇప్పించిన ఏజెంటును నిలదీస్తే ‘టికెట్ మీద ఉన్నది గదా’ అన్నాడు. వేలకు వేలు తీసుకునే మనిషి ఆ ఒక్క ముక్క నోటితో చెప్పి ఉండవచ్చు.

ఇంకో చిక్కు, దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. 00:40కి బయలుదేరి 03:10కి చేరుతుందని టికెట్‌లో ఉంటే రెండున్నర గంటల ప్రయాణమే అనుకుంటారు. వచ్చేటప్పుడు అదే లెక్క ఐదు గంటలుగా కనిపిస్తుంది. టికెట్‌లో ఎప్పుడూ ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు.

నన్నడిగితే అసలు దూరం మన ఊళ్ల నుంచి శంషాబాద్‌కే. గల్ఫ్‌కు పోయేవాళ్లు జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇంతమంది ఉండగా, విమానం ఎక్కాలంటే 150 నుంచి 200 కిలోమీటర్లకు పైగా కిందికి దిగాలి. నిజాం కాలంలో కట్టిన వరంగల్ మామునూరు విమానాశ్రయం 1981 తర్వాత మూతపడింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న ఒప్పందం కూడా దానికి చాలాకాలం అడ్డుపడింది. అది నడిచి ఉంటే మా కష్టం సగం తగ్గేదని నా నమ్మకం.

కాబట్టి కోరుట్ల వాడు రోడ్డు మీద ఐదు గంటలు, విమానాశ్రయంలో మూడు, గాలిలో నాలుగు, దిగాక పనివాళ్లు ఉండే క్యాంపు చేరడానికి రెండు, మొత్తం 14 గంటలు లెక్క వేసుకోవాలి. టికెట్ మీద సమయం 00తో మొదలైతే, అందులో ఉన్న తేదీకి ముందురోజు మధ్యాహ్నమే ఇల్లు కదలాలి.